హైడ్రాలిక్ ప్రెస్సు నిర్వహణ: తరచుగా అడిగే ప్రశ్నలు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ చేతిపంపుతో నడిచే 20 టన్నుల బేరింగ్ ప్రెస్సు మొదలుకొని వందల టన్నుల డీప్ డ్రా ప్రెస్సు దాకా అన్ని రకాలూ కనిపిస్తాయి. పరిమాణం ఏదైనా వాటి జబ్బులు మాత్రం దాదాపు ఒకటే. ఓనర్లు, ఫిట్టర్లు, కొత్తగా చేరిన ఐటీఐ కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. లెక్క అవసరమైన చోట నాలుగు స్తంభాల 100 టన్నుల ప్రెస్సును మనసులో పెట్టుకున్నాను: సిలిండర్ బోరు 250 మిల్లీమీటర్లు, పని ఒత్తిడి 200 బార్, పంపు నిమిషానికి 20 లీటర్లు. మీ మెషీన్‌తో వచ్చిన పుస్తకం మీ దగ్గర ఉంటే, అందులోని అంకెలే మీకు ప్రమాణం.

పొద్దున షిఫ్టు మొదలయ్యే ముందు ఏమేం చూడాలి?

పది నిమిషాల పని. ముందు నేల చూడండి. రాత్రి వెళ్ళేటప్పుడు ప్రెస్సు కింద శుభ్రంగా తుడిచి ఉంటేనే పొద్దున పడిన కొత్త చుక్క కనిపిస్తుంది. ఎప్పుడూ జిడ్డుగా ఉండే నేల మీద ఏ లీకూ కనబడదు.

తరువాత ట్యాంకు మట్టం. దీన్ని ర్యామ్ (కిందికి దిగి పనిని నొక్కే భాగం) పూర్తిగా పైన ఉన్నప్పుడే చూడాలి. ర్యామ్ దిగి ఉంటే సిలిండర్ నిండా నూనె ఉంటుంది కాబట్టి ట్యాంకు గాజులో మట్టం తక్కువ చూపిస్తుంది. అది చూసి ఎవరో ఒకరు అయిదు లీటర్లు పోస్తారు. ర్యామ్ పైకి వెళ్ళగానే ఆ అయిదు లీటర్లూ బ్రీదర్ (ట్యాంకు గాలి పీల్చి వదిలే మూత) లోంచి పొంగి నేల మీద పడతాయి.

మోటారు ఆగి ఉన్నప్పుడు గేజీ ముల్లు సున్నా మీద ఉండాలి. లేకపోతే గేజీ అయినా చెడి ఉండాలి, లోపల ఒత్తిడి అయినా చిక్కుకుని ఉండాలి. మోటారు వేసి అయిదు నిమిషాలు లోడు లేకుండా తిప్పండి, చెవి పెట్టి వినండి. చివరగా ఎమర్జెన్సీ స్టాప్, రెండు చేతుల బటన్లు, లైట్ కర్టెన్ (చెయ్యి అడ్డొస్తే ప్రెస్సును ఆపే కాంతి తెర) ఉంటే అది. ఒక చేతి బటన్ మాత్రమే నొక్కి చూడండి. ర్యామ్ కదిలిందా, ఆ రోజు ఆ ప్రెస్సు మీద పని లేదు.

నూనె ఎన్నాళ్ళకు మార్చాలి?

రోజుకు 8 గంటల చొప్పున ఒక షిఫ్టు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 2,400 గంటలు అవుతుంది. చాలా పుస్తకాలు 2,000 నుంచి 4,000 గంటల మధ్య మార్చమంటాయి. కానీ క్యాలెండర్ చూసి మంచి నూనెను పారబోయడం, క్యాలెండర్ చూసి చెడ్డ నూనెను కొనసాగించడం రెండూ నష్టమే. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్ళు ఆరు నెలలకొకసారి శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపాలి. చిక్కదనం, నీటి శాతం, ఆమ్లత, కణాల లెక్క, ఈ నాలుగూ అడగాలి. రెండు మూడు వందల లీటర్ల నూనె ఖరీదుతో పోలిస్తే పరీక్ష ఖర్చు చాలా తక్కువ.

ల్యాబ్ అందుబాటులో లేదా? రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదానిలో డ్రమ్ములోని కొత్త నూనె, రెండోదానిలో నడుస్తున్న ట్యాంకు నూనె. పక్కపక్కన కిటికీ దగ్గర పెట్టండి. పాల రంగు వస్తే నీళ్ళు కలిశాయి. ముదురు గోధుమ రంగుతో పాటు మాడిన వాసన వస్తే వేడికి చెడింది. నీళ్ళ మీద అనుమానం ఉంటే హాట్ ప్లేటును సుమారు 150 డిగ్రీలకు వేడిచేసి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్క చుక్క వేయండి. పోపులో తడి కరివేపాకు వేసినట్టు చిటపటలాడితే నీళ్ళున్నట్టే.

46 పోయాలా, 68 పోయాలా?

ఆ అంకె 40 డిగ్రీల దగ్గర నూనె చిక్కదనం. 68 చిక్కన, 46 పలచన. మన ఎండలకు, రేకుల షెడ్లకు, కూలర్ సరిగా లేని ప్రెస్సులకు చాలామంది 68 వాడతారు. అది తప్పు కాదు. అయితే మెషీన్ వేడెక్కుతోందని 46 తీసి 68 పోయడం వైద్యం కాదు. వేడికి కారణం వెతకాలి. పంపు తయారీదారు అనుమతించిన చిక్కదనం పరిధిలోనే ఎంచుకోవాలి. సర్వో సిస్టమ్ 68, ఎన్‌క్లో 68, హైడ్రాల్ 68 మన మార్కెట్లో సులభంగా దొరికేవి. ఏదైనా ఒకటి పట్టుకుని దానితోనే ఉండండి.

ఒక కంపెనీ నూనెలో ఇంకో కంపెనీది కలపవచ్చా?

గ్రేడు ఒకటే అయినా లోపలి రసాయనాలు వేరుగా ఉంటాయి. జింకు ఉన్న నూనెలో జింకు లేనిది కలిస్తే కొన్నిసార్లు జిగురు లాంటి మడ్డి దిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి. అర్ధరాత్రి లీకు వచ్చి తప్పనిసరై రెండు లీటర్లు కలిపారంటే కొంప మునగదు. అలవాటుగా మాత్రం వద్దు. ఇంజిన్ ఆయిల్ అసలే వద్దు. అది మసిని, నీటిని తనలో కలుపుకుని ఉండేలా చేసిన నూనె. ప్రెస్సు ట్యాంకులో నీళ్ళు విడిపోయి అడుగుకు దిగాలి.

కొత్త డ్రమ్ము సీలు తీసి నేరుగా ట్యాంకులో పోస్తున్నాం. అందులో తప్పేముంది?

నేను చూసిన మరమ్మతుల్లో సగానికి పైగా ట్యాంకు మూత దగ్గరే మొదలయ్యాయి. అందుకే ఈ ప్రశ్నకు కాస్త వివరంగా చెబుతాను.

మన కంటికి 40 మైక్రాన్ల కన్నా చిన్న కణం కనిపించదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నూనెను అటూ ఇటూ మళ్ళించే డైరెక్షన్ వాల్వులో స్పూలుకూ (లోపల జరిగే కడ్డీ) దాని గూటికీ మధ్య ఉండే ఖాళీ కొన్ని మైక్రాన్లే. అంటే మీకు తేనెలా మెరుస్తూ కనిపించే నూనెలో కూడా స్పూలును బిగించగల ఇసుక ఉండవచ్చు. నూనె శుభ్రతను ఐఎస్‌ఓ 4406 ప్రకారం మూడు అంకెలతో చెబుతారు. ఒక మిల్లీలీటరులో 4, 6, 14 మైక్రాన్లకు మించిన కణాలు ఎన్ని ఉన్నాయో ఆ అంకెలు చెబుతాయి. అంకె ఒకటి పెరిగితే కణాలు రెట్టింపు. 18/16/13 అంటే మామూలు ప్రెస్సుకు మంచి శుభ్రత. కంపెనీ నుంచి వచ్చిన డ్రమ్ము చాలాసార్లు ఆ స్థాయిలో ఉండదు. సీలు ఉందంటే కల్తీ లేదని అర్థం, వడకట్టారని కాదు.

దానికి తోడు మన చేతివాటం. ఒక షెడ్డులో మూడు నెలల్లో రెండు పంపులు పోయాయని పిలిచారు. ట్యాంకు పక్కన ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంది. నూనె పోయడానికి అదే, గ్రైండింగ్ మెషీన్ కూలెంట్ ఎత్తడానికీ అదే. బకెట్ అడుగున వేలు పెట్టి రాస్తే సన్నటి ఎమెరీ పొడి గరగరలాడింది. పంపును తప్పుపట్టడానికి ఏమీ లేదు.

10 మైక్రాన్ల ఫిల్టర్ ఉన్న చిన్న ట్రాలీ పంపు కొనండి. డ్రమ్ము నుంచి దాని ద్వారానే ట్యాంకులోకి నింపండి. కొనలేకపోతే పక్క షెడ్డువాళ్ళతో కలిసి కొనండి. డ్రమ్మును ఆరుబయట నిలబెట్టి ఉంచకండి. పైన నిలిచిన వాన నీళ్ళను, రాత్రి చల్లబడినప్పుడు డ్రమ్ము బిరడా సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటుంది. పడుకోబెట్టి, రెండు బిరడాలూ గడియారంలో 3, 9 అంకెల చోట ఉండేలా తిప్పి పెట్టాలి.

ట్యాంకు లోపల ఎలా శుభ్రం చేయాలి?

నూనె మార్చిన ప్రతిసారీ లోపల తుడవాలి. కాటన్ వేస్టుతో మాత్రం వద్దు. ఆ పీచు సక్షన్ స్ట్రైనర్‌కు (పంపు నూనె పీల్చే చోట ఉండే జల్లెడ) చుట్టుకుని పంపును పస్తు పెడుతుంది. పీచు రాలని గుడ్డతో తుడిచి, చివరగా పాత ఫిట్టర్లు చేసే పని చేయండి. చపాతీ పిండిలా గట్టిగా కలిపిన మైదా ముద్దను మూలల్లో, వెల్డింగ్ అతుకుల వెంట అద్దుతూ పోవాలి. మొదటి ముద్ద నల్లగా, లోహపు మెరుపుతో బయటికి వస్తుంది. రెండోది బూడిద రంగులో. ముద్ద తెల్లగా బయటికి వచ్చేదాకా కొత్త ముద్దలు మారుస్తూ ఉండండి. పిండి తునక ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. బ్యాటరీ లైటు వేసి చూసి మరీ మూత పెట్టండి.

ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి?

ఇండికేటర్ ఎరుపు చూపినప్పుడు, లేదా 500 నుంచి 1,000 గంటలకు, ఏది ముందైతే అప్పుడు. కొత్త ప్రెస్సుకు, పంపు మార్చిన ప్రెస్సుకు మొదటిది 50 గంటలకే. ఇండికేటర్ వేడి నూనెతోనే నమ్మదగినది, చలి పొద్దున చిక్కటి నూనెకు కూడా ఎర్రబడుతుంది. మూసుకుపోయిన ఫిల్టర్‌లో బైపాస్ తెరుచుకుని మురికి నూనె నేరుగా ట్యాంకులోకి పోతుంది. ప్రెస్సు ఆగదు కాబట్టి ఎవరికీ తెలియదు.

తీసిన ఫిల్టర్‌ను పారేయకండి. కోసి, మడతలు విప్పి చూడండి. పసుపు తళుకులుంటే పంపులోనో బుష్షులోనో ఇత్తడి, కంచు అరుగుతున్నాయి. అయస్కాంతానికి అంటుకునే పొడి ఉంటే ఉక్కు అరుగుతోంది. నల్లటి మెత్తని ముక్కలు సీళ్ళవి. ట్యాంకులో ఉండే సక్షన్ స్ట్రైనర్‌ను మాత్రం అందరూ మరిచిపోతారు. ఏడాదికొకసారైనా బయటికి తీయాలి.

నూనె బాగా వేడెక్కుతోంది. ఎంత వేడి దాకా ఫరవాలేదు?

40 నుంచి 55 డిగ్రీలు హాయి. 60 దాటితే ఆలోచించాలి. 80 దాటితే సీళ్ళు గట్టిపడి పగులుతాయి. నూనె వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగం అవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ట్యాంకు గోడ మీద అరచేయి అయిదు సెకన్లు ఆనించలేకపోతే థర్మామీటర్ పెట్టాల్సిన సమయం వచ్చినట్టు.

వేడి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే వెతకడం సులభం. 200 బార్ దగ్గర నిమిషానికి 20 లీటర్ల నూనె ఏ పనీ చేయకుండా రిలీఫ్ వాల్వు (ఒత్తిడి హద్దు దాటకుండా నూనెను వదిలేసే వాల్వు) మీదుగా ట్యాంకులోకి పడుతుంటే, దాదాపు ఆరున్నర కిలోవాట్ల వేడి పుడుతుంది. మూడు గీజర్లు ట్యాంకులో ముంచి స్విచ్ వేసినట్టు. కాబట్టి ముందు చూడాల్సింది: ర్యామ్ ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు పంపు ఒత్తిడి లేకుండా తిరుగుతోందా, లేక రిలీఫ్ మీద తిరుగుతోందా? పంపును ఒత్తిడి లేకుండా తిరగనిచ్చే అన్‌లోడ్ వాల్వు సోలినాయిడ్ (వాల్వును కదిలించే విద్యుదయస్కాంతం) ఒక్కటి పనిచేయకపోతే చాలు, రోజంతా కరెంటు బిల్లు కట్టి మరీ నూనె కాచినట్టే.

తరువాత లోపలి లీకులు. సమానంగా వేడిగా ఉన్న గొట్టాల మధ్య ఏదో ఒక వాల్వు ఒక్కటే సలసలలాడుతుంటే నూనె దాని లోపలి నుంచి జారుతోంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తుపాకీ ఉంటే అయిదు నిమిషాల్లో దొరుకుతుంది.

కూలర్ సంగతి. మనం బోరు నీళ్ళు వాడతాం. ఆ నీళ్ళలోని సున్నం గొట్టాల లోపల పేరుకుని, నీరు పారుతున్నా వేడి తీయదు. కూలర్‌లోకి వెళ్ళే నూనెకు, బయటికి వచ్చే నూనెకు తేడా గతంలో ఎంత ఉండేదో రాసి పెట్టుకుంటే పొర పడిన సంగతి వెంటనే తెలుస్తుంది. మే నెలలో రేకుల షెడ్డులో ఇది తీరికగా చేసే పని కాదు, మార్చిలోనే విప్పి శుభ్రం చేయాలి. నూనెలో నీళ్ళు కనబడితే మొదటి అనుమానితుడు కూడా ఈ కూలరే.

పంపు అరుస్తోంది. పోయినట్టేనా?

ఇంకా పోలేదు, పోబోతోంది. అరుపు రెండు రకాలు. ఎడతెగకుండా సన్నగా కూత పెడుతుంటే నూనె సరిగా అందడం లేదు: స్ట్రైనర్ మూసుకుపోయింది, సక్షన్ వాల్వు సగమే తెరిచారు, లేదా నూనె మరీ చిక్కగా ఉంది. గులకరాళ్ళు డబ్బాలో వేసి ఊపినట్టు ఉంటే గాలి పీలుస్తోంది. ట్యాంకులో నురుగు కూడా కనిపిస్తుంది. సక్షన్ వైపు అతుకుల మీద కాస్త నూనె పోసి చూడండి. ఏ అతుకు మీద పోసినప్పుడు శబ్దం మారుతుందో గాలి అక్కడ దూరుతోంది. సక్షన్ వైపు లీకు నూనెను బయటికి కార్చదు, గాలిని లోపలికి లాగుతుంది. అందుకే అది కంటికి కనిపించదు.

రెండూ కాకపోతే మోటారుకూ పంపుకూ మధ్య కప్లింగ్‌లోని రబ్బరు స్పైడర్ చూడండి. అరిగి ముక్కలైనా మోటారు తిరుగుతూనే ఉంటుంది.

ఇంకొక్క మాట. మోటారు వైరింగ్ ముట్టుకున్న ప్రతిసారీ, లైను మీద పని జరిగిన ప్రతిసారీ, తిరిగే దిశ చూడకుండా నడపకండి. రెండు ఫేజులు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, పంపు నూనె లేకుండా కాసేపటికే బిగుసుకుపోతుంది. ఒక్కసారి స్విచ్ వేసి వెంటనే తీసి, ఫ్యాన్ ఎటు తిరిగిందో చూస్తే సరిపోతుంది.

టన్నేజీ రావడం లేదు. పంపు విప్పమంటారా?

అందరూ ముందు పంపు విప్పుతారు. అది చివర విప్పాలి. ముందు గేజీ మార్చి చూడండి, అబద్ధం చెప్పే గేజీలే ఎక్కువ. తరువాత నూనె మట్టం, తిరిగే దిశ, అన్‌లోడ్ వాల్వుకు కరెంటు అందుతోందా లేదా. ఆ తరువాత రిలీఫ్ వాల్వు: సీటులో చిన్న మురికి ఇరుక్కున్నా ఒత్తిడి నిలవదు. ఇవన్నీ సరే అనుకున్నాక సిలిండర్‌ను లైను నుంచి వేరుచేసి, పోర్టును సరైన ప్లగ్గుతో మూసి చూస్తే జబ్బు పంపు వైపా, సిలిండర్ వైపా తేలుతుంది.

రిలీఫ్ వాల్వు స్క్రూను మరో చుట్టు బిగించి టన్నేజీ తెప్పించడం మాత్రం చేయకండి. 250 బోరుకు 490 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం. 200 బార్ దగ్గర వంద టన్నులు. 240కి బిగిస్తే నూట ఇరవై. ఆ ఇరవై టన్నులూ మీ స్తంభాల నట్లు, బల్ల వెల్డింగులు మోయాలి. సెట్టింగ్ అయ్యాక ఆ స్క్రూకు సీసపు సీలు వేయండి.

ఆపి ఉంచిన ర్యామ్ మెల్లగా కిందికి జారుతోంది.

ర్యామ్ బరువును పట్టి ఉంచే చెక్ వాల్వు లేదా కౌంటర్‌బ్యాలెన్స్ వాల్వు సీటులో మురికి ఉండాలి, లేదా సిలిండర్ లోపల పిస్టన్ సీలు అరిగి ఉండాలి. వాల్వు మార్చడం సులభం కాబట్టి ముందు అది శుభ్రం చేసి చూడండి. గంటకు ఎన్ని మిల్లీమీటర్లు జారుతోందో ర్యామ్ మీద సుద్దతో గీసి కొలిచి రాసుకోండి. ఏదైనా సరే, జారే ర్యామ్ కింద ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ర్యామ్ వెనక్కి లేచేటప్పుడు ‘ధన్’ అని కొడుతోంది. షెడ్డంతా అదురుతోంది.

నూనె నలగదని బడిలో చెబుతారు. నలుగుతుంది, కొంచెం. మన ప్రెస్సులో ర్యామ్ 30 సెంటీమీటర్లు దిగి ఉంటే సిలిండర్‌లో దాదాపు 15 లీటర్లు ఉంటుంది. 200 బార్ దగ్గర అది ఒకటిన్నర శాతం దాకా కుంచించుకుంటుంది, అంటే ఒక గ్లాసుడు. స్తంభాలు కూడా ఆ లోడుకు కొద్దిగా సాగి ఉంటాయి. ఇదంతా ఒక్క క్షణంలో విడుదలైతే ఆ దెబ్బ గొట్టాలకు, అతుకులకు తగులుతుంది. ఒత్తిడిని ముందు మెల్లగా వదిలి, ఆపైన ర్యామ్‌ను లేపే డికంప్రెషన్ ఏర్పాటు ఉండాలి. ఉంటే దాని టైమర్‌ను ఎవరో ఉత్పత్తి కోసం తగ్గించి ఉంటారు. ఆ అర సెకను తిరిగి ఇచ్చేయండి.

సోలినాయిడ్ కాయిల్ మాటిమాటికీ కాలిపోతోంది.

కాయిల్ తప్పు తక్కువ. ఏసీ కాయిల్‌లో ప్లంజర్ పూర్తిగా లోపలికి చేరేదాకా కరెంటు చాలా ఎక్కువ తీసుకుంటుంది. మురికికి స్పూలు మధ్యలో ఇరుక్కుంటే ఆ కరెంటు అలాగే కొనసాగి కాయిల్ మాడిపోతుంది. వోల్టేజీ తగ్గినా అదే జరుగుతుంది. కొత్త కాయిల్ వేసే ముందు చివర ఉండే పిన్నును నొక్కి స్పూలు తేలిగ్గా కదులుతోందో లేదో చూడండి. నొక్కే ముందు ర్యామ్ కింద ఎవరూ లేరని చూసుకోవాలి, ఎందుకంటే ప్రెస్సు కదులుతుంది.

చిన్న చుక్కే కదా, పట్టించుకోవాలా?

సెకనుకు ఒక చుక్క చొప్పున కారితే రోజుకు నాలుగు లీటర్ల పైమాటే. అతుకులకు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించడం మన దగ్గర పెద్ద జాడ్యం. తెగిన టేపు పోగులు వాల్వుల్లోకి పోతాయి. సమాంతర మరలున్న చోట డౌటీ వాషర్ (లోపలి అంచుకు రబ్బరు ఉన్న లోహపు వాషర్) వేయాలి, అదే సీలు చేస్తుంది. కారుతోందని మరింత బిగిస్తే మరలు పోతాయి తప్ప కారడం ఆగదు. ఒత్తిడి ఉండగా ఏ నట్టునూ బిగించవద్దు.

లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడవచ్చా?

ఎప్పటికీ వద్దు. సూది మొన అంత రంధ్రం నుంచి వచ్చే నూనె ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చేతి తొడుగులు దాన్ని ఆపవు. పైకి చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు. అందుకే మనిషి కట్టు కట్టుకుని పని చేసుకుంటూ పోతాడు. లోపల మాత్రం నూనె నరాల వెంట, కండరాల మధ్య పాకి కణజాలాన్ని చంపుతుంది. ఆలస్యమైతే వేళ్ళు తీసేయాల్సి వస్తుంది. ఇలా జరిగితే గాయం ఎంత చిన్నదైనా, గంటలు లెక్కపెట్టకుండా వెంటనే శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, ‘అధిక ఒత్తిడితో నూనె లోపలికి పోయింది’ అని స్పష్టంగా చెప్పాలి. లీకు వెతకడానికి పొడవాటి కర్రకు కట్టిన అట్టముక్క వాడండి.

రబ్బరు గొట్టాలు చూడడానికి బాగున్నాయి. మార్చాలా?

గొట్టం మీద తయారైన తేదీ ముద్ర ఉంటుంది, చదవండి. పై పొర పగిలి తీగల అల్లిక కనిపించినా, ఫిట్టింగ్ దగ్గర ఉబ్బినా, మెలిక పడినా ఆ రోజే మార్చాలి. పక్క గొట్టానికి రాసుకుంటూ ఉంటే క్లాంపు వేయండి.

డై మార్చేటప్పుడు, సీలు మార్చేటప్పుడు స్విచ్ తీస్తే సరిపోతుందా?

సరిపోదు. మోటారు ఆగినా ర్యామ్‌కు బరువు ఉంది, భూమికి ఆకర్షణ ఉంది. ర్యామ్‌ను కిందికి దించి ఆపడం, అది వీలుకాకపోతే ర్యామ్, పై డై బరువు మోయగల ఉక్కు దిమ్మెలు కింద పెట్టడం తప్పనిసరి. చెక్క ముక్కలు, పాత షాఫ్టు ముక్కలు దిమ్మెలు కావు. మెయిన్ స్విచ్‌కు తాళం వేయాలి, తాళం చెవి లోపలికి చెయ్యి పెట్టే మనిషి జేబులోనే ఉండాలి, సూపర్‌వైజర్ టేబుల్ మీద కాదు. అక్యుములేటర్ (నూనెను ఒత్తిడితో నిల్వ ఉంచే సీసా) ఉంటే దాని నూనె ఒత్తిడిని పూర్తిగా వదిలి, గేజీ సున్నా చూశాకే గొట్టం విప్పాలి. అందులో నింపేది నైట్రోజన్ మాత్రమే. ఆక్సిజన్ ఎక్కిస్తే నూనెతో కలిసి పేలుతుంది.

యంత్రాల ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే 21వ సెక్షన్‌లో చెప్పింది. ఉత్పత్తి ఆలస్యమవుతోందని రెండు చేతుల బటన్లలో ఒకదానికి అగ్గిపుల్ల గుచ్చి బిగించిన ప్రెస్సులు నేను కళ్ళారా చూశాను. ఆ అగ్గిపుల్ల తీసేయడం కూడా నిర్వహణలో భాగమే.

సీళ్ళు మార్చిన నెలకే మళ్ళీ కారుతోంది. నకిలీ సీళ్ళా?

కావచ్చు. కానీ ముందు ర్యామ్ క్రోమ్ మీద గోరు నిలువుగానూ అడ్డంగానూ లాగి చూడండి. గోరు ఆగిన ప్రతిచోటా ఒక గీత ఉంది, అది ప్రతి స్ట్రోకుకూ సీలును కోస్తోంది. వైపర్ సీలు అరిగి బయటి దుమ్మును లోపలికి పోనిస్తే ఆ గీతలు పడతాయి. చిన్నవాటిని నూనెరాయితో నునుపు చేయవచ్చు, లోతువైతే మళ్ళీ హార్డ్ క్రోమ్ చేయించి గ్రైండింగ్ పట్టించాల్సిందే. గైడ్ బుష్షు అరిగినా సీలు ఒక పక్కే తింటుంది. తీసిన పాత సీలును చూస్తే తెలిసిపోతుంది. సీలు ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్ మొనతో తోసేవాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు.

స్తంభాల నట్లు, గైడ్లు ఎవరైనా చూస్తారా?

ఎవరూ చూడరు, అదే బాధ. ఆరు నెలలకొకసారి డయల్ గేజీతో ర్యామ్ ముఖం బల్లకు సమాంతరంగా ఉందో లేదో నాలుగు మూలలా కొలవండి. చిన్న పనిని బల్ల మూలన పెట్టి పూర్తి టన్నేజీతో నొక్కే అలవాటు ఉంటే కొలత ఏటేటా మారుతుంది. స్తంభాల నట్ల మీద ఒక గీత, పక్కనున్న బల్ల మీద దానికి ఎదురుగా ఇంకో గీత పెయింటుతో వేయండి. నట్టు తిరిగితే గీతలు విడిపోతాయి.

వానాకాలంలో, సెలవుల్లో ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

ట్యాంకు ఊపిరి తీసుకుంటుంది. తేమ గాలి లోపలికి పోయి రాత్రి చల్లబడి నీటి చుక్కలవుతుంది. బ్రీదర్ మూత పోయి గుడ్డ కట్టిన ట్యాంకులు మన దగ్గర చాలా ఉన్నాయి, ముందు ఆ మూత కొనండి. సోమవారం పొద్దున పంపు వేయకముందే అడుగు డ్రెయిన్ కాస్త వదిలి చూడండి, రెండు రోజులు కదలని ట్యాంకులో నీళ్ళు కిందికి దిగి ఉంటాయి. నెలరోజులు ఆపాల్సి వస్తే ర్యామ్‌ను దించి, బయట కనబడే క్రోమ్‌కు గ్రీజు రాయండి.

తీసేసిన నూనెను ఎవరికి ఇవ్వాలి?

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన నూనె ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి, సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, రికార్డు రాయాలి. సెంట్రింగ్ చెక్కలకు రాయడానికి అడిగేవాళ్ళు గేటు దగ్గరకు వస్తారు, వాళ్ళకు అమ్మకూడదు. కాలువలో పోయకూడదని వేరే చెప్పాలా?

పాత ప్రెస్సు కొనాలనుకుంటున్నాం. ఏం చూడాలి?

ముందే ఫోన్ చేసి, మేము వచ్చేదాకా మెషీన్ నడపవద్దని చెప్పండి. చల్లటి ప్రెస్సును మీ కళ్ళముందు స్టార్ట్ చేయించండి. పూర్తి టన్నేజీకి తెచ్చి, పంపు ఆపించి, పది నిమిషాలు గేజీ ముల్లు మీదే చూపు పెట్టండి. మాటల్లో పెట్టి టీ తాగడానికి పిలుస్తారు, గేజీ దగ్గరే తాగండి. తరువాత ఒక గంట నడిపించి నూనె వేడి కొలవండి. ర్యామ్ మీద గోరు పరీక్ష, స్తంభాల మూలల్లో వెల్డింగ్ పగుళ్ళ కోసం టార్చి. రంగు కొత్తగా ఉంటే ఆ రంగు కింద ఏముందో ఇంకా జాగ్రత్తగా చూడండి. చివరగా ట్యాంకు మూత తీయించి, అడుగున చెయ్యి పెట్టి, వేళ్ళ మధ్య ఆ మడ్డిని రుద్ది చూడండి. గరగరలాడితే, కొత్త పంపు, వాల్వుల ఖరీదు తగ్గించుకునే బేరమాడండి.